డబ్బాలో పుట్టిందా, పరీక్షలో పుట్టిందా?

మూత బిగించిన సీసాలోనో డబ్బాలోనో ఆహారం నెలల తరబడి చెడకుండా ఉండాలంటే దాన్ని బాగా వేడి చేయాలి. ఫ్రాన్స్‌కు చెందిన నికొలా అపేర్ ఈ పద్ధతిని 1810లో పుస్తకంగా వెలువరించాడు. అది ఎందుకు పనిచేస్తుందో అప్పటికి ఎవరికీ తెలియదు. ఇప్పుడు తెలుసు. పులుపు తక్కువగా ఉండే కూరగాయలు, చిక్కుళ్లు, మాంసం, చేపల్లో క్లాస్ట్రిడియం బొట్యులినమ్ అనే బాక్టీరియా సిద్ధబీజాలు బతికి ఉంటే, గాలి ఆడని డబ్బాలో మొలకెత్తి, నరాలను చచ్చుబడేసే విషాన్ని తయారు చేస్తాయి. అందుకే ఇలాంటి డబ్బాలను ఆవిరి పీడనంలో 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉడికిస్తారు. డబ్బాలో వేడి అన్నిటికంటే ఆలస్యంగా చేరే చోట కూడా, ఆ ఉష్ణోగ్రత 3 నిమిషాలు నిలిచినంత ప్రభావం పడాలన్నది కనీస లెక్క.

ఈ లెక్కలో రాజీకి తావు లేదు. చిక్కల్లా ఒకటే. అదే వేడికి ఆహారంలోని చక్కెరలు, అమైనో ఆమ్లాలు, కొవ్వులు, విటమిన్ సి విరిగి, ఒకదానితో ఒకటి కలిసి, మొదట్లో లేని రసాయనాలుగా మారతాయి. వాటిలో చాలావాటి వల్లే వండిన పదార్థానికి రంగు, వాసన, రుచి వస్తాయి. కొన్ని మాత్రం ప్రయోగశాల జంతువుల్లో క్యాన్సర్ కలిగించాయి. ఆక్రిలమైడ్, ఫ్యూరాన్, 3-ఎంసీపీడీ, గ్లిసిడాల్, నైట్రోసమీన్లు ఆ కోవలోనివి.

వీటి చుట్టూ నడుస్తున్న చర్చ ఇరవై ఏళ్లు దాటినా తెగలేదు. మూడు వేర్వేరు ప్రశ్నలు ఒకే ముడిలో పడటం దీనికి కారణం. ఆహారంలో ఆ పదార్థం ఎంత ఉంది? అంత ఉంటే మనిషికి ఏమవుతుంది? తగ్గించాల్సిన పూచీ ఎవరిది? పత్రికల్లో వార్త రెండో ప్రశ్నతో మొదలై మూడోదానితో ముగుస్తుంది. మొదటిది ఎప్పుడో తేలిపోయిందని అందరూ అనుకుంటారు. కానీ అన్నిటికంటే శ్రద్ధగా చూడవలసింది దాన్నే. ఎందుకంటే ఈ రసాయనాలు వేడికి పుడతాయి, వీటిని కొలిచే పద్ధతుల్లో కొన్ని నమూనాను మళ్లీ వేడి చేస్తాయి.

సొరంగం నుంచి బంగాళాదుంప దాకా

1997లో స్వీడన్ దక్షిణ ప్రాంతంలోని హాలండ్సోస్ కొండ కింద రైలు సొరంగం తవ్వుతున్నారు. ఊటనీటిని ఆపడానికి పగుళ్లలోకి ఎక్కించిన రసాయన మిశ్రమంలో ఆక్రిలమైడ్ ఉంది. అది పూర్తిగా గట్టిపడకుండానే వాగుల్లో కలిసింది. చేపలు చచ్చాయి, ఆ నీళ్లు తాగిన ఆవులకు కాళ్లు పడిపోయాయి. దాంతో కార్మికుల రక్తం పరీక్షించారు. ఆక్రిలమైడ్ ఒంట్లో చేరితే రక్తంలోని హీమోగ్లోబిన్‌కు అతుక్కుంటుంది, ఆ అతుకును కొలవవచ్చు. పోల్చి చూడటానికి సొరంగంతో ఏ సంబంధమూ లేనివాళ్ల రక్తం కూడా తీసుకుంటే, వాళ్లలోనూ ఆ గుర్తు ఊహించనంతగా కనిపించింది. అది ఎక్కడి నుంచి వచ్చింది? స్టాక్‌హోమ్ విశ్వవిద్యాలయంలో మార్గరెటా టోర్న్‌క్విస్ట్ బృందం ఎలుకలకు వేయించిన మేత పెట్టి చూస్తే వాటిలోనూ ఆ గుర్తు పెరిగింది. 2002 ఏప్రిల్ 24న విశ్వవిద్యాలయమూ, స్వీడన్ ప్రభుత్వ ఆహార సంస్థా కలిసి ఈ సంగతి లోకానికి చెప్పాయి.

కొన్ని బంగాళాదుంప చిప్స్‌లో కిలోకు 1,000 మైక్రోగ్రాములకు పైగా ఆక్రిలమైడ్ తేలింది. తాగునీటిలో లీటరుకు 0.1 మైక్రోగ్రాము మించరాదన్న ఐరోపా నియమాన్ని దీని పక్కన పెట్టి చూసినవాళ్లు ఉలిక్కిపడ్డారు. ఆ ఉలికిపాటు సహజమే కానీ ఆ పోలిక సరైనది కాదు. నీళ్లు రోజూ లీటర్ల కొద్దీ తాగుతాం, చిప్స్ అలా తినం. పైగా నీటిలో కలిసేది బయటి నుంచి వచ్చిన కాలుష్యం, దాన్ని దాదాపు లేకుండా చేయవచ్చు.

అదే ఏడాది అక్టోబరులో రెడింగ్ విశ్వవిద్యాలయానికి చెందిన మోట్రమ్, నెస్లే పరిశోధన కేంద్రానికి చెందిన స్టాడ్లర్ బృందాలు 'నేచర్' పత్రికలో వేర్వేరుగా గుట్టు విప్పాయి. ఆస్పరజీన్ అనే అమైనో ఆమ్లం, గ్లూకోజు లాంటి చక్కెరలు 120 డిగ్రీలు దాటిన వేడిలో కలిస్తే ఆక్రిలమైడ్ పుడుతుంది. బంగాళాదుంపలో రెండూ పుష్కలం. ఉడకబెట్టిన దుంపలో అది లేకపోవడానికి కారణం, మామూలు గిన్నెలో నీరున్నంతసేపూ వేడి నూరు దాటకపోవడమే. తడిగా ఉడికే డబ్బా ఆహారానికి ఈ బెడద లేదని కొందరు ధీమాగా ఉన్నారు. కాలిఫోర్నియా పద్ధతిలో తయారయ్యే నల్ల ఆలివ్ డబ్బాలు ఆ ధీమాను చెదరగొట్టాయి. వాటిలో ఆక్రిలమైడ్ గణనీయంగా ఉంది, పుడుతున్నదీ డబ్బాను వేడి చేసే దశలోనే. ఆస్పరజీన్ దారి ఒక్కటే దీన్ని వివరించలేకపోయింది.

మూత తీస్తే ఎగిరిపోయే ఫ్యూరాన్

నిల్వ ఆహారం విషయంలో ఆక్రిలమైడ్ కంటే సూటిగా తగిలే పేరు ఫ్యూరాన్. ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధంగా ఉన్న క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే దీన్ని 'మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నది' అనే 2బి వర్గంలో చేర్చింది. కాఫీ వాసనలో ఇది ఉందని అంతకుముందే తెలుసు. 2004 మేలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ బయటపెట్టిన కొత్త విషయం ఏమిటంటే, డబ్బాల్లోనూ సీసాల్లోనూ వేడిచేసి నిల్వ చేసిన రకరకాల ఆహారాల్లో, పసిపిల్లలకు పెట్టే సీసా ఆహారంలో సైతం అది ఉందని.

ఫ్యూరాన్ 31 డిగ్రీలకే మరుగుతుంది. మన ఎండాకాలంలో నీడపట్టున కూడా నిలవని పదార్థం అన్నమాట. మూత లేని గిన్నెలో పుట్టినది పుట్టినట్టే గాలిలో కలుస్తుంది. మూత బిగించిన సీసాలో పుడితే ఎటూ పోలేక అక్కడే ఉంటుంది. పుట్టే దారులు కూడా ఒకటి కాదు. విటమిన్ సి విరిగినా, బహుళ అసంతృప్త కొవ్వులు ఆక్సీకరణ చెందినా, కెరోటినాయిడ్లు చెదిరినా, చక్కెరలు అమైనో ఆమ్లాలతో కలిసినా పుట్టగలదు. పోషకాలని మనం మెచ్చుకునేవే దీనికి ముడిసరుకు కావడం తగ్గించే ప్రయత్నాలకు పెద్ద అడ్డంకి. ఆక్రిలమైడ్ విషయంలో ఆస్పరజీన్‌ను ఎంజైముతో విరగ్గొట్టి మూలాన్నే దెబ్బతీయవచ్చు. ఇక్కడ అలా దెబ్బతీయడానికి ఒకే మూలం లేదు.

దీన్ని కొలిచే తీరు కాస్త దగ్గరగా చూడాలి. సీసాను ముందు బాగా చల్లబరుస్తారు. చల్లగా ఉండగానే కలిపి, తూచి, చిన్న గాజు బుడ్డిలో వేసి రబ్బరు మూత బిగిస్తారు. మూతలోంచి సూదితో 'డ్యుటీరియం ఫ్యూరాన్' తెలిసిన మోతాదులో ఎక్కిస్తారు. అది కూడా ఫ్యూరానే, హైడ్రోజన్ల స్థానంలో వాటి బరువైన ఐసోటోపులు ఉంటాయి. బుడ్డిని వెచ్చబెడితే ఫ్యూరాన్ పైనున్న ఖాళీలోకి ఆవిరవుతుంది. ఆ గాలిని కొంత పీల్చి గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లోకి, అక్కడి నుంచి మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి పంపుతారు. మామూలు ఫ్యూరాన్ 68 దగ్గర, బరువైనది 72 దగ్గర కనిపిస్తాయి. రెండింటి నిష్పత్తిని బట్టి అసలు మొత్తం లెక్క కడతారు. దారిలో ఎంత ఆవిరైపోయినా రెండూ సమానంగానే పోతాయి కాబట్టి నిష్పత్తి చెక్కుచెదరదు.

ఎగిరిపోయినదాన్ని ఈ ఏర్పాటు పట్టుకుంటుంది. కొత్తగా పుట్టినదాన్ని మాత్రం పట్టుకోలేదు. ఎఫ్‌డీఏ మొదటి పద్ధతిలో బుడ్డిని 80 డిగ్రీల దగ్గర ఉంచేవారు. ఆ వేడికి కొన్ని ఆహారాల్లో బుడ్డిలోనే ఫ్యూరాన్ తయారవుతోందని తర్వాత బయటపడింది. అలా పుట్టినదీ 68 దగ్గరే కనిపిస్తుంది, డబ్బాలో ముందే ఉన్నదానికీ దీనికీ తేడా చెప్పే గుర్తేదీ ఉండదు. అందుకే ఉష్ణోగ్రతను 60 డిగ్రీలకు తగ్గించారు. పరీక్ష పరికరమే రెండో పొయ్యి అయిన సందర్భం ఇది. పాత అంకెలనూ కొత్త అంకెలనూ ఒకే పట్టికలో పెట్టి 'పెరిగింది, తగ్గింది' అనేవాళ్లు మొదట ఆ అంకె ఏ వేడిలో వచ్చిందో చెప్పాలి.

తర్వాత ఫ్యూరాన్‌కు తోబుట్టువుల్లాంటి 2-మిథైల్ ఫ్యూరాన్, 3-మిథైల్ ఫ్యూరాన్ కూడా లెక్కలోకి వచ్చాయి. ఈ రెండింటి బరువు ఒకటే, మాస్ స్పెక్ట్రోమీటర్‌కు ఒకేలా కనిపిస్తాయి. క్రొమటోగ్రాఫ్ గొట్టంలోనే వాటిని విడదీయాలి. అక్కడ విడిపోకపోతే ఒకదాని లెక్క రెండోదాని ఖాతాలో పడుతుంది. ఎఫ్సాగా పిలిచే ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2017లో మూడింటినీ కలిపి సమీక్షించి, ఆందోళన చెందాల్సిన స్థాయే ఉందని తేల్చింది. పెద్దల్లో ప్రధాన వనరు కాఫీ. పసిపిల్లల్లో సీసాల్లో దొరికే సిద్ధాహారం.

అంకెలు తారుమారైన మరికొన్ని సందర్భాలు

ఫ్యూరాన్ ఒక్కదానికే ఇలా జరిగి ఉంటే మినహాయింపు అనుకోవచ్చు. శుద్ధి చేసిన నూనెల కథ ఇంకా చిక్కనిది. నూనె వాసన తీసేందుకు 200 డిగ్రీలకు మించి వేడి చేసే దశలో 3-ఎంసీపీడీ ఎస్టర్లు, గ్లిసిడైల్ ఎస్టర్లు పుడతాయి. పామాయిల్‌లో ఎక్కువ. 2007లో జర్మనీలో ఇది పెద్ద వార్తయింది. 2009లో జపాన్‌కు చెందిన కావో సంస్థ గ్లిసిడైల్ ఎస్టర్ల కారణంగా తన ఎకోనా నూనె అమ్మకాలు నిలిపివేసింది.

అప్పట్లో వాడిన పద్ధతిలో ఎస్టర్లను విరగ్గొట్టి, లోపలి 3-ఎంసీపీడీని బయటికి లాగడానికి మామూలు ఉప్పు కలిపేవారు. నూనెలో గ్లిసిడైల్ ఎస్టర్లు ఉంటే వాటి నుంచి వచ్చిన గ్లిసిడాల్, ఆ ఉప్పులోని క్లోరైడ్‌తో కలిసి కొత్తగా 3-ఎంసీపీడీగా మారేది. అంటే తొలినాటి అంకెల్లో కొంత భాగం నూనెది కాదు, గాజు బుడ్డిది. దీన్ని పసిగట్టాక ఒకే నూనెను క్లోరైడ్‌తో ఒకసారి, క్లోరైడ్ లేకుండా ఒకసారి కొలిచి, తేడాను బట్టి గ్లిసిడాల్ లెక్క కట్టే పద్ధతి వచ్చింది. పాత తప్పునే కొత్త కొలతగా మలుచుకోవడం మెచ్చుకోదగ్గ పని. ఎస్టర్లను విరగ్గొట్టకుండా నేరుగా కొలిచే పద్ధతులూ ఉన్నాయి. వాటికి ఒక్కో ఎస్టరుకు ఒక్కో ప్రామాణిక నమూనా కావాలి, ఖర్చు తడిసి మోపెడవుతుంది. మామూలు ప్రయోగశాల పరోక్ష పద్ధతివైపే మొగ్గుతుంది.

నైట్రైట్‌తో నిల్వ చేసిన మాంసంలో నైట్రోసమీన్ల కథ వీటన్నిటికంటే పాతది. 1956లో మగీ, బార్న్స్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్తలు డైమిథైల్ నైట్రోసమీన్ ఎలుకల్లో కాలేయ క్యాన్సర్ కలిగిస్తుందని చూపించారు. తర్వాత వేయించిన బేకన్‌లో నైట్రోసమీన్లు కనిపించాయి. నమూనాలో మిగిలిన నైట్రైట్, అమీన్లతో పరీక్ష జరుగుతుండగానే కలవవచ్చు. అందుకే ఆస్కార్బిక్ ఆమ్లమో సల్ఫామేటో కలిపి దాన్ని ముందే అడ్డుకుంటారు. ఆక్రిలమైడ్ విషయంలో కూడా, నమూనా సారాన్ని యథాతథంగా గ్యాస్ క్రొమటోగ్రాఫ్ వేడి ముఖద్వారంలోకి ఎక్కిస్తే అందులోని ఆస్పరజీన్, చక్కెర అక్కడే కలిసే ప్రమాదం ఉంది. ద్రవ క్రొమటోగ్రఫీకి రెండు దశల మాస్ స్పెక్ట్రోమీటర్ జోడించిన పద్ధతి నిలదొక్కుకోవడానికి ఇదీ ఒక కారణం. అందులో నమూనా వేడి ముఖద్వారం దాటాల్సిన పని లేదు.

ఎంత ఉంటే ప్రమాదం: మూడు వాదనలు

కొలత సరిపోయిందనే అనుకుందాం. అర్థం చెప్పడంలో మూడు పక్షాలు ఉన్నాయి.

మొదటి పక్షానిది 'సాధ్యమైనంత తక్కువ' సూత్రం. జన్యు పదార్థాన్ని దెబ్బతీసే రసాయనానికి క్షేమకరమైన మోతాదంటూ ఉండదు, కాబట్టి తగ్గించగలిగినంత తగ్గించాలి అంటుంది. ఆక్రిలమైడ్ ఒంట్లో గ్లిసిడమైడ్‌గా మారి డీఎన్‌ఏకు అతుక్కుంటుంది. ఐరోపా సమాఖ్య 2018 ఏప్రిల్ నుంచి అమలు చేస్తున్న నిబంధన ఈ ఆలోచనకు దగ్గరగా ఉంది. అందులో చిప్స్‌కు కిలోకు 750, వేయించిన కాఫీకి 400, పసిపిల్లల ధాన్యాహారానికి 40 మైక్రోగ్రాములని మైలురాళ్లు పెట్టారు. అవి నిషేధ పరిమితులు కావు. దాటితే తయారీదారు తన పద్ధతిని తిరిగి చూసుకోవాలి.

రెండో పక్షం మోతాదుకూ హానికీ మధ్య ఉన్న దూరం అడుగుతుంది. జంతువుల్లో హాని మొదలయ్యే మోతాదును మనుషులు తినే మోతాదుతో భాగిస్తుంది. ఆ దూరం 10,000 రెట్లు ఉంటే ఆందోళన తక్కువ అని ఎఫ్సా అంటుంది. 2015లో ఆక్రిలమైడ్‌కు అది వేసిన లెక్కలో సగటు పెద్దవాళ్లకు 425, ఎక్కువగా తినే పసిపిల్లలకు 50 వచ్చింది. చాలా తక్కువ దూరం. అయినా ఈ పక్షంలోనే కొందరు మనుషుల మీద జరిగిన అధ్యయనాలను ఎదురు పెడతారు. 2003లో స్వీడన్‌లో ఒక అధ్యయనం ఆహారంలోని ఆక్రిలమైడ్‌కూ క్యాన్సర్‌కూ సంబంధం కనబడలేదంది. 2007లో నెదర్లాండ్స్ బృందం గర్భాశయ, అండాశయ క్యాన్సర్లతో సంబంధం కనిపించిందని చెప్పింది. 'వారానికి ఎన్నిసార్లు చిప్స్ తింటారు' అని అడిగి రాసుకున్న జవాబుల మీద కట్టిన లెక్కలు ఒకదానితో ఒకటి పొసగకపోవడంలో వింత లేదు. ఒకే పదార్థం రెండు పొట్లాల్లో కూడా ఆక్రిలమైడ్ సమానంగా ఉండదు.

మూడో పక్షం ఒక్కో రసాయనాన్ని విడదీసి చూడటాన్నే ప్రశ్నిస్తుంది. వేడి తగ్గిస్తే సూక్ష్మజీవుల ముప్పు పెరుగుతుంది. ఒక రసాయనాన్ని తగ్గిస్తే మరొకటి లేవవచ్చు. కాఫీ దీనికి చక్కని నిదర్శనం. గింజలను వేయించే తొలి దశలో ఆక్రిలమైడ్ పెరిగి, ముదురు రంగు వచ్చేకొద్దీ తగ్గుతుంది. ఫ్యూరాన్ మాత్రం ముదిరేకొద్దీ పెరుగుతుంది. లేతగా వేయించాలా ముదురుగానా అన్నదానికి రసాయన శాస్త్రం ఒక్క జవాబు ఇవ్వదు. ఈ పక్షం చెప్పేది వాస్తవం. అయితే దీన్ని చేతులు ముడుచుకోవడానికి సాకుగా వాడే పరిశ్రమ వర్గాలూ ఉన్నాయి, అది అంగీకరించదగ్గది కాదు. దుంపలను చల్లటి గదిలో నిల్వ చేస్తే చక్కెరలు పెరిగి ఆక్రిలమైడ్ ఎక్కువవుతుంది. ఆ ఉష్ణోగ్రత సరిచూసుకోవడానికి ఏ సూక్ష్మజీవీ అడ్డురాదు.

నిపుణుల సంఘాలు ఒకే సమాచారంతో వేర్వేరు అంకెలకు చేరుకోవడం కూడా ప్రజలను అయోమయంలో పడేసింది. 3-ఎంసీపీడీకి 2016లో ఎఫ్సా రోజుకు కిలో శరీర బరువుకు 0.8 మైక్రోగ్రాములే మేలంది. అదే ఏడాది ఐక్యరాజ్యసమితి ఆహార సంకలితాల నిపుణుల సంఘం 4 వరకూ ఫరవాలేదంది. గణిత నమూనా ఎంపికలో తేడానే ఇందుకు ముఖ్య కారణం. 2018లో ఎఫ్సా తన అంకెను 2కు మార్చుకుంది.

మూడు పక్షాలనూ పక్కపక్కన పెడితే ఒక్క సంగతి గమనించాలి. మొదటిది పద్ధతిలో చిన్న పొరపాటును తట్టుకోగలదు. అంకె ఎంతైనా 'తగ్గించు' అనే చెబుతుంది కాబట్టి. రెండోది కొలత మీదే నిలబడింది, కొలత రెండింతలు తప్పితే తీర్పూ తప్పవచ్చు. మూడోదానికి ఒకటి కాదు, అరడజను రసాయనాల కొలతలు ఒకే నమూనా నుంచి కావాలి. అలాంటి పట్టికలు ఇంకా అరుదు.

తెలుగు నేలకు తగిలే చోట

మన ఆవకాయ, మాగాయలకు ఈ చర్చతో పెద్ద పని లేదు. అవి ఉప్పు, కారం, నూనె, పులుపు మీద నిలుస్తాయి. నిజమైన సంబంధం మరో చోట ఉంది. చిత్తూరు ప్రాంతంలో తోతాపురి మామిడి గుజ్జును డబ్బాల్లో నింపి విదేశాలకు పంపే పరిశ్రమ పెద్దది. మామిడిలో విటమిన్ సి, కెరోటినాయిడ్లు రెండూ ఉన్నాయి. అంటే ఫ్యూరాన్‌కు ముడిసరుకు సిద్ధంగా ఉంది. కానీ గుజ్జు పుల్లగా ఉంటుంది కాబట్టి 121 డిగ్రీల అవసరం లేదు, నూరు లోపు వేడి చాలు. పండ్ల గుజ్జుల్లో కూరగాయల గుజ్జుల కంటే ఫ్యూరాన్ తక్కువగా కనిపించడానికి ఇదే ముఖ్య కారణం.

ఫిల్టర్ కాఫీ విషయంలో మాత్రం జాగ్రత్తగా ఆలోచించాలి. మన దేశ నిబంధన ప్రకారం కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, మిగతాదంతా చికోరీ కావచ్చు. ఐరోపా మైలురాళ్లలో వేయించిన కాఫీకి 400 ఉంటే, పూర్తిగా చికోరీతో చేసిన పానీయపు పొడికి 4,000 పెట్టారు. పది రెట్లు. ఆక్రిలమైడ్ నీటిలో సులభంగా కరుగుతుంది, డికాషన్‌లోకి దిగుతుంది. లోటా నుంచి గ్లాసులోకి కాఫీని ఎత్తి పోసినప్పుడు ఫ్యూరాన్ కొంత ఎగిరిపోతుంది, ఆక్రిలమైడ్ కదలదు.

ఒక అపోహ కూడా తొలగాలి. 2018 జూలై నుంచి మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ వంటనూనెలో మొత్తం ధ్రువ పదార్థాలు 25 శాతం మించరాదని నియమం పెట్టింది. హోటళ్లలో తనిఖీకి వాడే చేతి పరికరం చూపేది దాన్నే. నూనె ఎంత అరిగిందో అది చెబుతుంది. అందులో వేగిన చిప్స్‌లో ఆక్రిలమైడ్ ఎంత ఉందో చెప్పదు. తాజా నూనెలో వేయించినా ఎర్రగా మాడిస్తే ఆక్రిలమైడ్ పుడుతుంది.

ఇంకా తేలనివి

కొలిచిన చోటికీ తినే చోటికీ మధ్య దూరం మొదటిది. సీసాలో ఉన్న ఫ్యూరాన్ అంతా బిడ్డ నోటికి చేరదు. మూత తీసి, వెచ్చబెట్టి, కలిపితే కొంత పోతుంది. ఎంత పోతుందన్నది గిన్నె వెడల్పును బట్టి, కలిపిన తీరును బట్టి మారుతుంది. మూత తీయని సీసాకు కట్టిన లెక్క అధికంగా ఉంటుందని ఒక వాదన, పసిబిడ్డ విషయంలో అలా లెక్క కట్టడమే మంచిదని మరో వాదన. రెండో వాదనకే బలం ఎక్కువ. ఎందుకంటే ఒకే రకం సీసా ఆహారం రోజూ తినే వయసు అదొక్కటే.

కలిసి పనిచేసే ప్రభావం రెండోది. ఆక్రిలమైడ్‌నూ ఫ్యూరాన్‌నూ ఒంట్లో మరింత హానికరమైన రూపానికి మార్చేది కాలేయంలోని సీవైపీ2ఈ1 అనే ఒకే ఎంజైము. రెండూ ఒకే కప్పు కాఫీలో వస్తే అవి పోటీ పడతాయా, తోడవుతాయా? విడివిడిగా పెట్టిన పరిమితులు దీనికి జవాబివ్వవు.

మూడోది, ఎంపిక చేసుకున్న పేర్లనే వెతికే పద్ధతి. జాబితాలో లేని రసాయనం పరికరం ముందు నుంచి వెళ్లినా ఎవరూ చూడరు. జాబితా లేకుండా మొత్తం నమూనాను చదివే సునిశిత పరికరాలు వచ్చాయి. అవి ఇచ్చే వేల గుర్తుల్లో ఏది హానికరమో చెప్పడానికి జంతు పరీక్షలు అంత వేగంగా సాగవు.

ఐరోపా సమాఖ్య 2022లో సభ్య దేశాలను ఫ్యూరాన్‌తో పాటు దాని ఆల్కైల్ రూపాలనూ ఆహారాల్లో కొలిచి పంపమని సిఫారసు చేసింది. ఎవరి ఒంట్లోకి ఎంత చేరుతుందో లెక్క కట్టే పనిలో సగం మన దగ్గర జరిగే ఉంది. ఎవరు ఏమి ఎంత తింటారన్నది హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 1972 నుంచి దశాబ్దాలపాటు జాతీయ పోషకాహార పర్యవేక్షణ బ్యూరో సర్వేల్లో నమోదు చేసింది. దానికి జత కావలసింది చికోరీ కాఫీ, ప్యాకెట్ జంతికలు, పామాయిల్‌లో వేగిన మిక్చర్, పసిపిల్లల ధాన్యాహారం లాంటివాటి రసాయన కొలతలు. ఆ కొలతలు అచ్చువేసేటప్పుడు ప్రతి అంకె పక్కన నమూనాను ఏ ఉష్ణోగ్రతలో, ఎంతసేపు, ఏ ద్రావకంతో పరీక్షించారో కూడా రాయాలి. అప్పుడే ఆ అంకెను మరో ప్రయోగశాల సరిచూడగలదు.